చీకటి భవనములో నవ్వు : జేమ్స్ వేల్ జీవితము

1932వ సంవత్సరము అక్టోబరులో అమెరికా సినిమాశాలలకు ఒక క్రొత్త చిత్రము వచ్చెను. దాని పేరు 'ది ఓల్డ్ డార్క్ హౌస్', అనగా పాత చీకటి ఇల్లు. పేరు వినుటతోనే కథ సగము తెలిసినట్లు తోచును. కుంభవృష్టి, విరిగిపడు కొండచరియలు, దారి తప్పిన బాటసారులు, దూరమున మినుకుమినుకుమను దీపము, తలుపు తట్టగా తొంగిచూచిన వికృతరూపుడు, ఇట్టి సామగ్రి అంతయు అందు కలదు. ప్రేక్షకులు గుండెలు చిక్కబట్టుకొని కూర్చుండిరి. తీరా చిత్రము నడచుచుండగా కొందరు భయపడిరి, కొందరు నవ్విరి, మరికొందరు ఈ రెంటిలో ఏది చేయవలెనో తోచక విసిగిపోయిరి. 72 నిమిషములపాటు దయ్యము కొరకు ఎదురుచూచినవారికి దయ్యము కానరాలేదు. భయపెట్టెదమని పిలిచి పరిహాసము చేసినారని వారి ఆక్షేపణ. ఆ పరిహాసములోనే అసలైన భయమున్నదని రెండవ పక్షము వారి వాదము. తొంబది ఏండ్లు దాటినను ఆ వివాదము నేటికిని తీరలేదు.

హాస్యమును భయానకమును పరస్పర విరోధులగు రసములని మన ఆలంకారికులు నిర్ణయించిరి. విశ్వనాథుని సాహిత్యదర్పణము పఠించినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. పులిని చూచి వణకువాడు నవ్వలేడు. నవ్వువానికి పులి పులివలె కనబడదు. ఒకటి నిలువవలెనన్న రెండవది తొలగవలెను. అట్టి రెండు రసములను ఒకే గిన్నెలో పోసి ప్రేక్షకుని చేతికిచ్చిన దర్శకుడు జేమ్స్ వేల్. 'ఫ్రాంకెన్‌స్టైన్' చిత్రకర్తగా లోకము అతనిని ఎరుగును. ఆ ప్రఖ్యాతి చాటున ఈ పాత చీకటి ఇల్లు చిరకాలము మరుగుపడియుండెను. కాని వేల్ స్వభావమును తెలిసికొనగోరువారు తట్టవలసిన తలుపు ఈ ఇంటిదే.

ఇంగ్లండు నడిభాగమున బొగ్గుగనులకును ఇనుపకొలుములకును పేరుపడిన ప్రాంతమొకటి కలదు. పొగచేత, మసిచేత నల్లబడిన నేల యగుటవలన దానిని నల్లసీమ యని పిలుచుట వాడుక. అందలి డడ్లీ పట్టణమున 1889 జూలై 22వ తేదీన వేల్ జన్మించెను. ఏడుగురు సంతానములో ఆరవవాడు. తండ్రి విలియం ఇనుమును కరగించు కొలిమిలో కూలి. తల్లి సారా రోగులకు పరిచర్య చేయు నర్సు. పై చదువు చెప్పించుటకు ఇంట సొమ్ము లేదు. కొలిమిలో పని చేయుటకు పిల్లవాని ఒంట బలము లేదు. కనుక బడి మానిన పిదప అతడు జోళ్లు బాగుచేయు పనిలో కుదిరెను. పాత జోళ్లనుండి ఊడదీసిన మేకులను ఏరి, దాచి, అమ్ముకొని నాలుగు కాసులు కూడబెట్టెడివాడు. అక్షరములు అందముగ వ్రాయు నేర్పు ఉండుటచే ఇరుగుపొరుగు వారికి ధరల చీటీలు, పేరు పలకలు వ్రాసి ఇచ్చెడివాడు. ఆ డబ్బుతో సాయంకాలపు తరగతులలో చేరి డడ్లీ కళాశాలలో చిత్రలేఖనము నేర్చెను.

ఇట్లు మేకులు అమ్మి బొమ్మలు నేర్చిన బాలుడు పెద్దవాడైన పిదప తన పుట్టుపూర్వోత్తరములను బయటపెట్టుటకు ఇష్టపడెడివాడు కాడు. మాటలోని నల్లసీమ యాసను ప్రయత్నపూర్వకముగ తుడిచివేసి, పుట్టుదొరవలె మాటాడుటయు, సుతారముగ దుస్తులు ధరించుటయు సాధనచేసెను. ఆనాటి ఇంగ్లండులో మనిషి నోరు విప్పినంతనే వాని అంతస్తు ఏదో ఎదుటివారికి తెలిసిపోయెడిది. దొరతనము కూడ ఒక వేషమేయనియు, ఎవరును గుర్తింపనంతవరకే ఆ వేషము నిలుచుననియు ఎరిగినవానికి గొప్పయిండ్ల మర్యాదలు కొంత భయమును, కొంత నవ్వును పుట్టించుట సహజము.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. 1915 అక్టోబరులో వేల్ సైనికాధికారుల శిక్షణదళమున చేరి, మరుసటి ఏడు జూలైలో వూస్టర్‌షైర్ రెజిమెంటున సెకండ్ లెఫ్టినెంటుగ నియమితుడయ్యెను. శాంతికాలమున కొలిమికూలి కుమారునకు అందని హోదా అది. అధికారులు వేలకొలదిగ నేలకూలుచుండగా ఆ తలుపు తెరచుకొనెను. 1917 ఆగస్టులో ఫ్లాండర్సు యుద్ధభూమిలో అతడు జర్మనులకు చిక్కెను. హోల్జ్‌మిండెన్ అను చోటనున్న అధికారుల బందీశిబిరమునకు అతనిని పంపిరి.

అక్కడ అతనికి నాటకము దొరకెను. బందీలైన అధికారులు ప్రొద్దు పుచ్చుటకు నాటకములాడెడివారు. వేల్ అందు వేషము కట్టెను, నాటకములు వ్రాసెను, తెరలు చిత్రించెను, తోడివారిచే ఆడించెను. ముళ్లకంచెల నడుమ, రేపు ఏమగునో తెలియని దినములలో, నవ్వుటకై గుమిగూడిన మనుష్యులను అతడు అక్కడ చూచెను. వారికి భయము తీరియుండలేదు. తీరనందుననే వారికి నవ్వు అవసరమయ్యెను. శిబిరమున పేకాటయు జోరుగ సాగెడిది. ఓడినవారు బాకీపడి వ్రాసియిచ్చిన చీటీలను వేల్ భద్రముగ దాచి, యుద్ధము ముగిసి ఇల్లు చేరిన పిదప ఆ సొమ్మును రాబట్టుకొనెనట! మేకులు ఏరిన చేతికి ఇది అలవాటైన పనియే కదా.

1918 చివర విడుదలై వచ్చిన వేల్ కొంతకాలము పత్రికలకు వ్యంగ్యచిత్రములు వేయ యత్నించెను. అది కూడు పెట్టకపోగా నాటకశాలలను ఆశ్రయించెను. నటుడుగ, రంగస్థల నిర్వాహకుడుగ, దృశ్యములను అలంకరించువాడుగ సుమారు పది సంవత్సరములు ఏ పని చెప్పిన ఆ పని చేసెను. పేరు మాత్రము రాలేదు. తుదకు 1928లో వచ్చిన అదృష్టము కూడ పదుగురు వలదని త్రోసివేసిన నాటకరూపముననే వచ్చెను. ఆర్. సి. షెరిఫ్ అను భీమా కంపెనీ గుమాస్తా తన యుద్ధానుభవమును 'జర్నీస్ ఎండ్' అను పేర నాటకముగ వ్రాసెను. కథ ఆసాంతము ఒక కందకములో నడచును. ఆడుపాత్ర ఒక్కటియు లేదు. ఇట్టిది ఎవరు చూతురని నిర్మాతలు పెదవి విరిచిరి. ఒక నాటకసంఘము రెండే ప్రదర్శనల కొరకు దానిని చేపట్టగా దర్శకత్వము వేల్ చేతికి వచ్చెను. ఆ డిసెంబరు ప్రదర్శనలలో నాయకపాత్ర ధరించిన యువకుడు లారెన్స్ ఒలీవియర్. మరుసటి జనవరిలో కాలిన్ క్లైవ్ ఆ పాత్రను ధరించగా సావోయ్ నాటకశాలలో మరల మొదలైన నాటకము ఏడాదికి పైగా లండనులో ఆడెను. చావు ముంగిట కూర్చున్న సైనికులు అందు తిండిని గూర్చి, టీని గూర్చి పరిహాసములాడుకొందురు. సూపులోనికి మిరియపు పొడి లేకపోవుట ఆ కందకమున గొప్ప వార్త! ఆ నవ్వు ఎట్టిదో బందీశిబిరము చూచివచ్చిన దర్శకునకు ఇంకొకరు చెప్పవలసిన పని లేకపోయెను.

ఆ నాటకమే అతనిని న్యూయార్కునకును, అటనుండి హాలీవుడ్డునకును చేర్చెను. అది టాకీలు క్రొత్తగ వచ్చిన కాలము. మాట పలికించుట తెలిసిన నాటకప్రయోక్తలకు స్టూడియోలలో గిరాకి ఏర్పడెను. 1930లో 'జర్నీస్ ఎండ్'ను వేల్ చలనచిత్రముగ తీసెను. 1931లో యూనివర్సల్ స్టూడియోలో చేరి 'వాటర్లూ బ్రిడ్జ్', పిమ్మట 'ఫ్రాంకెన్‌స్టైన్' నిర్మించెను. చిన్నచిన్న వేషములతో కాలక్షేపము చేయుచుండిన బోరిస్ కార్లాఫ్ అను ఆంగ్లనటుని ఎన్నుకొని, జాక్ పియర్స్ అను వేషకర్త నేర్పుతో అతనిని శవభాగములు కుట్టి చేసిన భూతముగ నిలిపిరి. విడుదలకు ముందు సాంటా బార్బరా పట్టణమున ఆ చిత్రమును ప్రదర్శించి చూడగా ప్రేక్షకులు నిలువలేకపోయిరి. కొందరు లేచి బయటకు పోయి, ఉండబట్టలేక మరల లోనికి వచ్చిరని చెప్పుదురు. స్టూడియో పెద్దలు బెదరి, గుండె దిటవు లేనివారు ఇప్పుడే లేచిపోవచ్చునని సూచించు ప్రస్తావనను చిత్రమునకు తలకట్టుగ జోడించిరి. ఆ హెచ్చరిక వినుటకే జనము విరగబడిరి కాబోలు, చిత్రము విశేషముగ లాభము గడించెను.

అట్టి విజయము పిమ్మట స్టూడియో కోరునది ఒక్కటే: కార్లాఫ్‌తో మరియొక భయంకర చిత్రము. వేల్ తీసికొన్న కథ జె. బి. ప్రీస్ట్‌లీ 1927లో ప్రకటించిన 'బినైటెడ్' అను నవల. రాత్రి చీకటిలో చిక్కువడినవారని ఆ మాటకు అర్థము. అమెరికాలో ఆ నవలకు పెట్టిన పేరే చిత్రమునకును వచ్చెను. ప్రీస్ట్‌లీ కూడ యుద్ధమున గాయపడి బ్రదికి వచ్చినవాడే. తుపాను రాత్రి పాత ఇంట చేరిన బాటసారుల కథ పైకి కానవచ్చునది. యుద్ధము ముగిసినను మనసులు కుదుటపడని తరమును గూర్చిన దిగులు దాని లోపలిది.

అమెరికా ప్రేక్షకునకు దయ్యముల కొంప క్రొత్తది కాదు. 1927లో యూనివర్సల్ వారే జర్మనీనుండి వచ్చిన పాల్ లేనీ దర్శకత్వమున 'ది క్యాట్ అండ్ ది కానరీ' అను చిత్రము తీసియుండిరి. ఇట్టి కథలలో ఆస్తి పంపకమొకటి, రహస్యద్వారమొకటి, గోడనుండి వెడలి వచ్చు చేయి యొకటి ఉండును. చివరకు దయ్యము దయ్యము కాదనియు, ఆస్తికి ఆశపడిన బంధువే ముసుగు వేసికొని తిరిగెననియు తేలును. అంతట ప్రేక్షకుడు నిట్టూర్చి ఇంటికి పోవును. ఆ లెక్క వారికి కంఠపాఠము. దయ్యము ఉండవలెను, లేనిచో దొంగయైన ఉండవలెను.

వేల్ చూపిన ఇంట ఈ రెండును లేవు. వేల్సు కొండలలో రాత్రి గాలివానకు దారి తెగి, వేవర్టన్ దంపతులును వారి మిత్రుడు పెండరెల్ అను యువకుడును ఒక పాత భవనమును చేరుదురు. తలుపు తెరచువాడు మోర్గన్ అను మూగ బట్లరు. గడ్డము, గాయపు మచ్చలు, గురగుర తప్ప మాట లేదు. అతడే కార్లాఫ్. ఇంటి యజమాని హోరస్ ఫెమ్ ఎముకల పోగు. తన ఇంటిని చూచి తానే భయపడును. పై అంతస్తునుండి దీపము తెచ్చుటకు కూడ వెనుకాడును. అతని సోదరి రెబెకాకు చెవుడు, మతోన్మాదము. అతిథులకు పడకలు లేవని మరల మరల అరచును. ఈ పాత్రలను ధరించిన ఎర్నెస్ట్ థెసిజర్, ఈవా మూర్ అనువారు లండను రంగస్థలమున చేయితిరిగినవారు. హోరస్ బంగాళాదుంపల పళ్లెమును అతిథులవైపు జరుపుచు తినుమని మర్యాద చేయు తీరు చూచినవారు జన్మలో మరువలేరు. ఆ మర్యాదలో తప్పు లేదు. మాటలో తప్పు లేదు. ఐనను తినుటకు చేయి సాగదు. నవ్వు వచ్చును. వచ్చిన నవ్వు గొంతులో నిలిచిపోవును.

ఇంకొక దృశ్యము చూడుడు. తడిసిన బట్టలు మార్చుకొనుటకు వేవర్టన్ భార్య మార్గరెట్ ఒక గదిలోనికి పోవును. వెంట వచ్చిన రెబెకా చిన్నవయసుననే ఆ ఇంట చనిపోయిన తోబుట్టువు కథ చెప్పుచు, ఈ అందమును ఈ పట్టుబట్టయు ఒకనాడు కుళ్లిపోవునవే యని ఆమె మీద చేయి వేయును. వంకరలు పోయిన పాత అద్దములో ముసలిదాని ముఖము ముక్కలై, సాగి, చీలి కనబడును. అందు మంత్రము లేదు, మాయ లేదు. అద్దము పాతది, అంతే. వేల్ భయము ఎక్కడనుండి తీసెనో ఈ అద్దము చెప్పును. తెలిసిన వస్తువును అంగుళము ప్రక్కకు త్రిప్పి చూపుట అతని విద్య.

తుపానులో మరి ఇద్దరు వచ్చి చేరుదురు: సర్ విలియం పోర్టర్‌హౌస్ అను ధనికుడు, గ్లాడిస్ అను నాట్యగత్తె. పోర్టర్‌హౌస్ వేషము ధరించినవాడు చార్లెస్ లాటన్. హాలీవుడ్డునకు వచ్చి అతడు నటించిన తొలి చిత్రమిది. పెద్దనోటితో నవ్వుచు, కడుపార తినుచు వచ్చిన ఈ ధనికుడు చలిమంట చెంత హఠాత్తుగ తన కథ విప్పును. తాను బీదవాడుగ ఉన్న దినములలో గొప్పింటి ఆడువారు తన భార్య సాదాతనమును చూచి ఎగతాళి చేసిరట. ఆ అవమానముతో ఆమె క్రుంగి మరణించెనట. వారిని కూలద్రోయుటకే తాను డబ్బు గడించెనట. భయంకర చిత్రములో ఈ కథకేమి పని అని నాడు కొందరు అడిగిరి. డడ్లీ వీధులలో జోళ్లు కుట్టిన దర్శకుని ఎరిగినవారు ఆ ప్రశ్న అడుగరు.

పై అంతస్తులో 102 ఏండ్ల వృద్ధుడు, ఇంటిపెద్ద, పడకలో ఉండును. ఆ ముసలివాని వేషము ధరించినది ఒక స్త్రీ! ఎల్స్‌పెత్ డజన్ అను నటీమణిచే వేల్ ఆ పాత్రను ధరింపజేసి, పేర్ల పట్టికలో జాన్ డజన్ అని మగపేరు వేయించెను. చిన్నగ నవ్వుచు ఆ వృద్ధుడు అసలు భయము వేరొకటి యున్నదని హెచ్చరించును. అన్నిటికంటె పైన, తాళము వేసిన గదిలో, ఇంటికి నిప్పు పెట్టవలెనను పిచ్చి గల సాల్ అను సోదరుడు ఉన్నాడు. త్రాగిన మైకమున మోర్గన్ ఆ తాళము తీయును. మెట్ల కటకటాల మీద ముందు ఒక చేయి మాత్రము కనబడును. రాక్షసుని ఊహించుకొన్న ప్రేక్షకునకు ఎదురగువాడు చిన్నపాటి ముసలివాడు, దీనముగ బ్రతిమాలువాడు. జాలిపడి దగ్గరకు తీయునంతలో ఆ కన్నులు మారును. పెండరెల్ అతనితో పెనుగులాడి ఇద్దరును మేడమీదనుండి పడుదురు. సాల్ మరణించును. అప్పుడు, అంతవరకు మృగమువలె తిరిగిన మోర్గన్ ఆ శవమును చంటిబిడ్డను ఎత్తుకొన్నట్లు ఎత్తుకొని, ఏడ్చుచు మెట్లు ఎక్కిపోవును. భూతముగ ప్రసిద్ధికెక్కిన కార్లాఫ్ ఈ చిత్రమున ప్రేక్షకుని గుండెను తాకునది ఇక్కడనే. తెల్లవారును; ఎండ కాయును. రాత్రి ఏమియు జరుగనట్లే హోరస్ మర్యాదగ వీడ్కోలు పలుకును. నవలలో పెండరెల్ మరణించును. చిత్రమున మాత్రము అతనిని బ్రదికించిరి.

పత్రికలలో అభిప్రాయములు చీలిపోయెను. న్యూయార్కు టైమ్సు విమర్శకుడు మెచ్చుకొనెను. సినిమా వ్యాపారులు చదువు వెరైటీ పత్రిక పెదవి విరిచెను. మొదటి దినములలో కిటకిటలాడిన శాలలు, చూచివచ్చినవారి మాట ప్రాకినకొలది పలుచబడెను. చిత్రారంభమున స్టూడియో వారు వేసిన ప్రకటనము కూడ ఇందుకు కొంత కారణము. 'ఫ్రాంకెన్‌స్టైన్'లో యంత్రభూతము వేసిన కార్లాఫే ఈ బట్లరు అని వారు తెరపై చాటిరి. ప్రేక్షకుడు ఆ భూతము కొరకు కూర్చుండెను. దొరకినది ఒక కుటుంబము. ఇంగ్లండులో కథ తారుమారయ్యెను. లండను కాపిటల్ సినిమాశాలలో ఆ చిత్రము అంతకుముందరి వసూళ్ల రికార్డును దాటెను. ఆక్కడి జనులకు ఫెమ్ కుటుంబము దయ్యముల జాతి కాదు. చితికిపోయిన జమీందారీ ఇల్లు, పగిలిన పింగాణి, తరుగని దర్పము, బయటకు చెప్పరాని బంధువు, ఇవి వారికి చూచిన మొగములే. తమ మేనత్తలను, పెదతండ్రులను గుర్తుపట్టి నవ్వి, ఆ నవ్వునకు తామే ఉలికిపడియుందురు.

ఆక్షేపించినవారి మాటలో నిజము లేకపోలేదు. పెండరెల్, గ్లాడిస్‌ల ప్రేమ గంటలోపల మొలచి కాయ కాచుట అతుకుపడదు. నడిమి భాగమున కథ కొంత తడవు కూర్చుండిపోవును. దయ్యము కోరి రూకలిచ్చినవానికి బంగాళాదుంపలు వడ్డించుట మోసమేయని వాదింపవచ్చును. కాని భయమనగా బయటనుండి వచ్చునదే యని నమ్మినవానికే ఈ చిత్రము చప్పగ తోచును. ఇంటిలోని వారిని చూచి, భోజనపు బల్లకు ఎదుట కూర్చున్నవానిని చూచి భయపడుట తెలిసినవానికి ఇందు దయ్యము లేని లోటు కనబడదు.

ఈ చిత్రీకరణను గూర్చిన ముచ్చట్లలో పెక్కింటిని లోకమునకు చెప్పినది మార్గరెట్ పాత్ర ధరించిన గ్లోరియా స్టువర్ట్. 1997లో వచ్చిన 'టైటానిక్' చిత్రమున వృద్ధురాలైన రోజ్‌గా నటించిన ఆమెయే! పూట పూటకు ఆంగ్లనటులందరు ఒక చోట చేరి టీ త్రాగెడివారనియు, అమెరికా వారైన తనను, మెల్విన్ డగ్లసును పిలిచెడివారు కారనియు ఆమె చెప్పెను. దొరతనపు వేషము నేర్చిన దర్శకుడు ఆ టీబల్లకు పెద్ద.

పిమ్మట వేల్ తీసిన 'ది ఇన్విజిబుల్ మాన్' 1933లో, 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' 1935లో వచ్చెను. ఈ రెంటిలోను నవ్వును భయమును జోడుగుర్రములవలె తోలుట అతనికి మరింత సుళువయ్యెను. ప్రేక్షకులు కూడ అలవాటుపడిరి. 1936లో 'షో బోట్' అను సంగీతచిత్రము తీసి, పాల్ రాబ్సన్ గానమును చిరస్థాయిగ నిలిపెను. అదియే శిఖరము. ఆ ఏటనే యూనివర్సల్ స్టూడియో లెమ్లీ కుటుంబము చేయి జారెను.

1937లో అతడు తీసిన 'ది రోడ్ బ్యాక్' యుద్ధమునుండి తిరిగివచ్చిన జర్మను సైనికుల కథ. ఎరిక్ మరియా రెమార్క్ నవల. తాను చూచిన యుద్ధమును తన మాటలో చెప్పుటకు వేల్‌కు దొరకిన అవకాశమది. లాస్ ఏంజెలెస్‌లోని నాజీ జర్మనీ కాన్సలు ఆ చిత్రమును అడ్డగింప బూనెను. స్టూడియో క్రొత్త యజమానులు లొంగి, చిత్రమును తెగగోసి, వేరొక దర్శకునిచే హాస్యదృశ్యములు తీయించి మధ్యమధ్య అతికించిరి. భయములో నవ్వును పుట్టించుట ఎరిగినవాని చిత్రములోనికి పరుల నవ్వు బలవంతముగ వచ్చి చేరెను! ఆ దెబ్బనుండి అతడు కోలుకొనలేదు. మరి కొన్ని చిత్రములు తీసెను గాని అందు మనసు లేదు. 1941 తరువాత అతని పెద్ద చిత్రము ఏదియు రాలేదు.

కూడబెట్టిన సొమ్ము ఉండెను గనుక లోటు లేకుండ బ్రదికెను. డడ్లీలో మానిన కుంచెను మరల చేపట్టెను. నిర్మాతయైన డేవిడ్ లూయిస్‌తో అతనికి ఇరువది ఏండ్లకు పైబడిన సహజీవనము. అట్టి అనుబంధమును లోకము సహింపని దినములవి. పుట్టుకను దాచిన వేల్ దీనిని మాత్రము దాచలేదు. 1952లో వారు వేరుపడిరి. 1956లో పక్షవాతము సోకి చేయియు మనసును స్వాధీనము తప్పసాగెను. 1957 మే 29వ తేదీన, 67వ ఏట, తన ఇంటి ఈతకొలనులో అతడు మరణించియుండెను. ప్రమాదమని లోకమనుకొనెను. అది అతని నిర్ణయమేయని తెలుపు లేఖను లూయిస్ పెక్కేండ్లు గుట్టుగ ఉంచి, తన అవసానదశలో బయటపెట్టెను.

ఆ ఏడే 'ఫ్రాంకెన్‌స్టైన్' మొదలగు యూనివర్సల్ భయంకర చిత్రములు అమెరికా ఇండ్లలోని టెలివిజనునకు ఎక్కి క్రొత్త తరమునకు పరిచయమయ్యెను. పాత చీకటి ఇల్లు మాత్రము వానితో రాలేదు. నవల మీద యూనివర్సల్ వారికి గల హక్కు తీరిపోయియుండెను. హక్కు కొలంబియా వారికి పోగా 1963లో విలియం కాసిల్ అను దర్శకుడు ఆ పేరనే వేరొక చిత్రము తీసెను. అతడు నవ్వును మాత్రము తీసికొని భయమును వదలిపెట్టెను. అది ఎవరికిని రుచింపలేదు. వేల్ చిత్రము ఎక్కడ నున్నదో అడుగువారు లేరు. నాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. ఊరక ఉన్నను చివుకును, నిప్పు తగిలిన భగ్గుమనును. నిప్పుపిచ్చివాని కథ గల చిత్రమునకు ఆ గతియే పట్టియుండుననుకొనిరి.

అనుకొననివాడు ఒక్కడు ఉండెను. కర్టిస్ హారింగ్టన్ అను యువ దర్శకునకు వేల్‌తో అతని చివరి దినములలో స్నేహముండెను. యూనివర్సల్ స్టూడియోలో పని దొరకినది మొదలు అతడు ఆ ఫిల్మును వెదకుడని కొట్ల అధికారులను పదేపదే వేధించెను. లేదనిరి, మరల అడిగెను. తుదకు 1968లో కొట్టులో అసలు నెగెటివు బయటపడెను. కొంత చెడిపోయియుండెను. హక్కు లేని చిత్రము మీద సొమ్ము వెచ్చించుటకు యూనివర్సల్ వారికి ఆసక్తి లేకపోగా, రోచెస్టరులోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ అను సంగ్రహాలయము వారిని ఒప్పించి క్రొత్త ప్రతి తీయించెను. వేల్ చనిపోయి అప్పటికి పదునొకండేండ్లు.

క్రొత్త ప్రేక్షకులు వచ్చిరి. పాత తగవు మరల మొదలయ్యెను. 2017లో ఆధునిక పద్ధతిని శుభ్రపరచిన ప్రతిని వెనీసు చలనచిత్రోత్సవమున ప్రదర్శించిరి. నాటికిని నేటికిని ఒక్కటే భేదము. 1932లో నవ్వినవారు తాము నవ్వుట తప్పేమోయని ఇటునటు చూచియుందురు. నేటివారు నవ్వుటకే వచ్చి, అద్దము ఎదుటను, మెట్లమీద చేయి కనబడినప్పుడును ఊరకుందురు. చాల నెమ్మదిగ నడచునని కుర్రవారు కొందరు గొణుగుదురు. వేల్ తీసిన చిత్రములన్నిటిలో ఇదియే మేలైనదని పట్టుబట్టువారును కలరు.

గ్లోరియా స్టువర్ట్ వందేండ్లు జీవించి 2010లో కన్నుమూసెను. వానలో తడిసి వచ్చిన స్త్రీ, అట్టి కొంపలో, మెరయు పట్టు గౌను ఏల తొడుగుకొనవలెనో చిత్రీకరణనాడు ఆమెకు అర్థము కాలేదట. తక్కినవారందరు తడిబట్టలతోనే ఉండగా తనకొక్కతెకే ఈ వేషమేలయని వేల్‌ను అడిగెనట. ఆ చీకటి నడవలలో కార్లాఫ్ ఆమెను తరుముకొని వచ్చునప్పుడు ఆమె ఒక తెల్లని మంటవలె కనబడవలెనని అతడు బదులు చెప్పెనట. ఆమె మరి ప్రశ్నింపక ఆ గౌను తొడుగుకొని పరుగెత్తెను.